జోజమ్మ హస్తవాసి

మధ్యాహ్నం ఒంటిగంటకి పాలు తాగిన పిల్లలు ఒంటిగంటంపావు కల్లా తోటకూర కాడల్లా వాలిపోయారు. చివరి చాప మీద, అందరూ పిడుగు అని పిలిచే పిల్ల ఒక్కతే ఇంకా కళ్లు తెరిచి పైన తిరుగుతున్న పంకా వంక చూస్తోంది. జోజమ్మ మోకాళ్ల మీద పాక్కుంటూ ఆ చాప దగ్గరికి చేరి, పక్కన ఒత్తిగిలి, పిల్ల వీపు మీద అరచెయ్యి ఆనించింది. మెల్లగా మూడు తట్లు, ఇంకా మెల్లగా ఒకటి, కాస్త ఆగి మళ్లీ మూడు. నాలుగో విడతకి పిల్ల నోరు తెరుచుకుంది. ఐదో విడతకి చొంగ కారి చాప తడిసింది.

జోజమ్మ నడుం పట్టుకుని లేచింది. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు పిల్లలు పంతొమ్మిది మంది, రెండు వరసల్లో, ఉలుకూ పలుకూ లేకుండా పడున్నారు. ఒకడి కాలు పక్కవాడి పొట్ట మీద ఉంటే తీసి సర్దింది. ఒకత్తె జుట్టులోంచి బిస్కెట్ ముక్క ఏరింది. గోడకవతల నూటఇరవై కుట్టుమిషన్లు హోరెత్తుతున్నాయి. ఆ మిషన్ల మీద కూర్చున్నవాళ్ల పిల్లలే వీళ్లంతా. ఆ గోడ నిండా ఇటుకే గాని, పైన మూరెడు మేర గాలి కోసం జాలీ వదిలారు. అక్కడి హోరు ఇక్కడికి వస్తుంది. ఇక్కడి ఏడుపు అక్కడికి పోతుంది.

"పదిహేను నిమిషాలు. అంతే," అంది పిల్లల గది అజమాయిషీ చూసే మేట్రన్ గుమ్మంలో నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ. "డాక్టర్లకి హస్తవాసి ఉంటుందంటారు. నిద్రపుచ్చడానికీ ఉంటుందని నిన్ను చూశాకే తెలిసింది జోజమ్మా. మేనేజరు గారు కూడా అదే అంటున్నారు."

"నాదేముంది మేడమ్," అంది జోజమ్మ, మడతపెట్టి ఉన్న దుప్పటినే విప్పి మళ్లీ మడతపెడుతూ. ముఖంలోకి వచ్చిన వెలుగు ఎక్కడ దాచాలో తెలియలేదు ఆమెకి. పిల్లలు జోజో అని పిలిస్తే తల్లులు దానికి అమ్మ తగిలించి జోజమ్మని చేశారు. యాభై నాలుగేళ్ల బతుకులో ఇంకెవరూ ఏ బిరుదూ ఇచ్చింది లేదు. పోయిన రెండు నెలలుగా ఆ బిరుదుకి మెరుగు కూడా వచ్చింది. ముగ్గురు ఆయాల్లో ఇద్దర్ని ప్యాకింగు విభాగానికి పంపేసినప్పుడు, ఒక్కదాన్నే ఇంతమందితో ఎలా వేగుతానా అని హడలిపోయింది. తీరా చూస్తే ముగ్గురున్నప్పటి కంటే ఇప్పుడే నయం. పాలు కలపడం కూడా మేట్రనే నెత్తిన వేసుకుంది. "నువ్వు పిల్లల్ని చూసుకో, పాల సంగతి నేను చూస్తాను," అంది. పెద్ద ఉద్యోగంలో ఉండి కూడా ఎంత మంచి మనసో అనుకుంది జోజమ్మ.

మూడు గంటలకి గంట మోగలేదు. మోగకపోయినా పిడుగు తల్లి వచ్చింది. కాలరు కుట్టే మిషను ఆమెది. జుట్టు నిండా దారప్పోగులు, ఎడమచేతి చూపుడువేలికి గుడ్డ కట్టు. కటకటాల తలుపు పట్టుకుని లోపలికి తొంగిచూసింది.

"మూడింటి విరామం తీసేశారమ్మా," అంది జోజమ్మ గొంతు తగ్గించి. "నోటీసు అంటించారు, చూడలేదా? పిల్లలు ఎలాగూ నాలుగు దాకా పడుకునే ఉంటున్నారు కదా, వచ్చి చేసేదేముందని."

"చూశాను. ఒక్కసారి దాన్ని చూసిపోతాను పిన్నీ."

"నిద్రపోతోంది. లేపావంటే మళ్లీ మొదటికొస్తుంది."

"లేపను. ఊరికే చూస్తాను."

వెనక నుంచి సూపర్‌వైజరు కేకేశాడు. తల్లి కటకటాల్లోంచి మెడ సాచింది. చివరి చాప అక్కడికి కనిపించదు. జోజమ్మ తలుపు తియ్యలేదు. తీస్తే కీచుమంటుందని భయం. తల్లి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆరింటికి పిల్లని భుజానేసుకుంటూ ఆమె అంది, "పగలు మీ దగ్గర మూడేసి గంటలు పడుకుంటుంది. రాత్రి మాకు జాగారమే పిన్నీ. పదకొండు దాటినా కన్ను మూయదు. పొద్దున్న ఏడున్నరకి నేను మిషను ముందుండాలి. మొన్న కునుకొచ్చింది. సూది వేల్లో దిగిపోయింది."

జోజమ్మ ఆ గుడ్డ కట్టు వంక చూసింది. జాలి కలిగింది. దాని వెంటే, పని తెలిసినవాళ్లకి తెలియనివాళ్లని చూస్తే కలిగేది కూడా కలిగింది. "నువ్వు పడుకోబెట్టే తీరులోనే ఏదో లోపం ఉండుంటుంది అమ్మాయ్. రేపు సాయంత్రం మీ ఇంటికొచ్చి చూపిస్తాను. ఒక్కసారి చూశావంటే నీకే పట్టుబడుతుంది."

తల్లి ముఖం చిన్నబోయింది. కానీ అలసట అభిమానం కంటే పెద్దది. "రండి పిన్నీ," అంది.

*

వాళ్లది సైకిళ్ల రిపేరు షాపు మీద రెండు గదుల వాటా. పిల్ల తండ్రి గిడ్డంగిలో రాత్రి షిఫ్టుకి వెళ్లిపోయాడు. తల్లి, పిల్ల, తల్లి అత్తగారు ఉన్నారు. అత్తగారు మంచం మీద కాళ్లు చాపుకుని, మోకాళ్లకి నూనె రాసుకుంటూ, "రా వదినా, రా. మా ఇంట్లో నిద్ర దొరక్క ఏడాదైంది. నీ దగ్గర ఉంటే కాస్త అప్పివ్వు," అంది.

ఎనిమిదింటికి జోజమ్మ కొంగు బిగించింది. దీపం ఆర్పించింది. వీధి వెలుగు పడకుండా కిటికీకి దుప్పటి కట్టించింది. పిల్ల కాళ్లూ చేతులూ కడిగించి, పొడి బట్టలు వేయించి, తల్లి చేత పాలు పట్టించింది. "ఇక ఎవరూ మాట్లాడకండి," అని పక్కన ఒత్తిగిలి, వీపు మీద అరచెయ్యి ఆనించింది. మూడు తట్లు, ఒకటి, ఆగి మళ్లీ మూడు.

జోజో తన ఇంటికొచ్చిందన్న సంబరం పిడుగుకి ఇంకా తీరలేదు. చీకట్లోనే లేచి, మూల నుంచి ఒక చెప్పు తెచ్చి జోజమ్మ పొట్ట మీద పెట్టింది. తరవాత గరిటె తెచ్చింది. జోజమ్మ రెండూ పక్కన పెట్టి మళ్లీ పడుకోబెట్టింది. "నీళ్లు," అంది పిల్ల. నీళ్లిచ్చారు. "చుచ్చు," అంది. తీసుకెళ్లారు. పోయలేదు. మళ్లీ పడుకోబెడితే "నాన్న," అంది. నాన్న పనికెళ్లాడు, పడుకో. "కుక్క?" కుక్క కూడా పడుకుంది. "కాకి?" కాకి కూడా. లోకంలో పిడుగుకి తెలిసిన జీవాలన్నీ ఒక్కొక్కటే పడుకున్నాయి. పిడుగు పడుకోలేదు. చివరికి లేచి కూర్చుని, తన చిన్న చేత్తో జోజమ్మ వీపు తట్టడం మొదలెట్టింది. "జో జో," అంది గంభీరంగా.

మంచం మీద అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "అది నిన్ను పడుకోబెట్టేస్తోంది వదినా."

జోజమ్మ కూడా నవ్వాలని చూసింది. తొమ్మిదైంది. తొమ్మిదిన్నరైంది. వీపు తట్టి తట్టి మణికట్టు లాగేస్తోంది. జాకెట్టు చెమటతో తడిసింది. తన పద్ధతులన్నీ అయిపోయాయి. నుదురు నిమిరింది, కాళ్లు ఒత్తింది, గొంతులోనే సన్నగా కూనిరాగం తీసింది. అప్పుడు పిల్ల చెయ్యి చీకట్లో ఆమె చెంప మీదుగా పాకి, చెవి తమ్మెని పట్టుకుని, బొటనవేలితో రుద్దడం మొదలెట్టింది.

జోజమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఇది పిడుగు పాత అలవాటు. ఎవరి పక్కన పడుకున్నా చెవి కావాలి. గోరు గీరుకుంటుందని జోజమ్మ ఒకప్పుడు కమ్మలు కూడా తీసేసింది. ఈ రెండు నెలల్లో మధ్యాహ్నం పూట ఈ పిల్ల ఒక్కసారీ చెవి అడగలేదు. మరిచిపోయిందనుకుంది తను. పెద్దదవుతోందిలే అనుకుంది. మరిచిపోలేదు. ఇదిగో, వేలికింకా గుర్తే ఉంది.

"నవ్వులాటకేం గాని వదినా," అంది అత్తగారు చీకట్లోంచి, ఇప్పుడు నవ్వకుండా. "సాయంత్రం దాన్ని తీసుకొచ్చాక ఓ గంటసేపు ఈ పిల్ల మా పిల్లలా ఉండదు. తూలుతుంది. మొన్న గడప తట్టుకుని పడింది. నిన్న గోడకి గుద్దుకుంది. కళ్లు చూస్తే గాజుకళ్లు. గంట పోయాక తేరుకుంటుంది. ఆ తరవాత ఈ సంత. అంతేసి నిద్ర పగలు పోతే ఇలాగే ఉంటుందా?"

జోజమ్మ ఇంకో విడత తట్టి చూసింది. పదింటికి ఓడిపోయి లేచింది. పిల్ల చెప్పు పట్టుకుని గది నిండా తిరుగుతోంది. తల్లి గోడకి ఆనుకుని, కళ్లు మూతలు పడుతుంటే తెరుచుకుంటూ, "మీకు కొత్త చోటు కదా పిన్నీ, అందుకే," అంది. ఆ మంచిమాట పుండు మీద కారం చల్లినట్టయింది జోజమ్మకి. చెప్పుల్లో కాళ్లు దూర్చుకుని మెట్లు దిగింది. దారి పొడుగునా చెవి తడుముకుంటూనే ఉంది.

*

మర్నాడు ఆమె కళ్లు పిల్లల మీద లేవు, పాల మీద ఉన్నాయి. ఒంటిగంటకి ఐదు నిమిషాల ముందు మేట్రన్ పాలగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. బయటికి వచ్చేటప్పుడు పంతొమ్మిది స్టీలు గ్లాసుల్లో పాలు పోసి పళ్లెంలో తెచ్చింది. ఎప్పటిలాగే.

జోజమ్మ ఎప్పటిలాగే అందరికీ తాగించింది. పిడుగు గ్లాసు మాత్రం కిటికీ గూట్లో, గుడ్డ వెనక పెట్టింది.

పావుగంటకి పద్దెనిమిది మంది వాలిపోయారు. ఆమె ఒక్కరి వీపూ తట్టలేదు. కావాలనే తట్టలేదు. గది మధ్యలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్క తలా వాలుతుంటే ఆమె గుండె ఒక్కొక్క మెట్టు దిగింది. పిడుగు మాత్రం చాపల మధ్య గెంతుతూ వచ్చి, ఒళ్లోకెక్కి, చెవి పట్టుకుంది.

అందరికంటే దగ్గరగా పడుకున్న బొద్దు పిల్లాడి అరికాలు గిల్లింది జోజమ్మ. కాలు కదల్లేదు. గట్టిగా గిల్లింది. కనురెప్ప కొంచెం అదిరింది, అంతే. వీడు ఈగ వాలితే లేచే పిల్లాడు.

గూట్లో గ్లాసు తీసి వాసన చూసింది. పంచదార వాసన కింద ఇంకేదో ఉంది. వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. ముందు తీపి, వెనక చేదు. పిల్లని చంకనేసుకుని పాలగదిలోకి నడిచింది. మేట్రన్ మేనేజరు గదికి రిజిస్టరు పట్టుకెళ్లింది, ఇంకా రాలేదు. పంచదార డబ్బా వెనక గోధుమరంగు సీసా. దాని మీద ముక్కుకి రుమాలు పెట్టుకున్న పిల్లాడి బొమ్మ. ఆ వెనక ఖాళీ సీసాలు, ఆమె లెక్కపెట్టలేదు. చాలా ఉన్నాయి.

"అక్కడ నీకేం పని?"

మేట్రన్ వెనకే నిలబడి ఉంది.

"ఇదేంటి మేడమ్?"

"జలుబు మందు. చీటీ లేకుండా ఏ షాపులోనైనా ఇస్తారు. విషం కాదు."

"పంతొమ్మిది మందికీ ఒకేసారి జలుబు చేసిందా? రెండు నెలలుగా తగ్గలేదా?"

మేట్రన్ లోపలికొచ్చి తలుపు వేసింది. ఆమె ముఖంలో కోపం కంటే విసుగు ఎక్కువగా ఉంది, తెలిసిన విషయాన్నే మళ్లీ చెప్పాల్సి వచ్చినట్టు. "గోడకవతల ఏడుపు వినిపిస్తే మిషన్లు నెమ్మదిస్తాయి జోజమ్మా. అంత హోరులోనూ ఎవరి పిల్ల ఏడుస్తోందో ఆ తల్లికి తెలిసిపోతుంది. మేనేజరు గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. మధ్యాహ్నం చప్పుడు రాకూడదు, వస్తే గది మూసేస్తానన్నారు. ఎలా ఆపుతావో అది నీ ఇష్టమన్నారు. గది మూస్తే వీళ్లని ఎక్కడ పెట్టుకుంటారు? వాళ్ల మంచికే కదా నేను చేసింది."

"పిల్లలు తూలి పడుతున్నారు మేడమ్. రాత్రి నిద్ర లేక ఆ తల్లి వేల్లో సూది దిగింది."

"ముగ్గురు చేసే పని నువ్వొక్కదానివే చేస్తున్నావు. పదిహేను నిమిషాల్లో. ఎలా చేస్తున్నాననుకున్నావు?" మేట్రన్ ఆమె చేతుల వంక చూసింది. "నిజంగా నీ హస్తవాసే అనుకున్నావా?"

జోజమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆమె నిజంగానే అనుకుంది.

"ఇంకో సంగతి," అంది మేట్రన్ సీసాని పంచదార డబ్బా వెనక పెట్టేస్తూ. "పాలు తాగించింది నీ చెయ్యి. రేపెవరైనా అడిగితే ఏ చెయ్యి కనబడుతుందో ఆలోచించుకో."

సాయంత్రం ఆరింటికి తల్లులు వచ్చారు. పిడుగు తల్లి పిల్ల కళ్లలోకి చూసి, "ఇవాళ తాజాగా ఉందే. పడుకోలేదా పిన్నీ?" అంది.

"లేదమ్మా," అంది జోజమ్మ. ఇంకో మాట నాలుక మీదికి వచ్చింది. పెదాల దాకా వచ్చింది. తల్లి పిల్లని ఎత్తుకుని చెప్పులేసుకుంటోంది. వెనక గుమ్మంలో మేట్రన్ గాజులు చప్పుడయ్యాయి. ఆ మాట వచ్చిన దారినే వెనక్కి పోయింది. పద్దెనిమిది మంది పిల్లలు తూలుతూ తల్లుల వేళ్లు పట్టుకుని వీధిలోకి వెళ్లడం కటకటాల్లోంచి చూస్తూ నిలబడింది జోజమ్మ.

*

పొద్దున్న ఏడుంపావుకి పిడుగు తల్లి అందరికంటే ముందు వచ్చింది. ముఖం కడిగిన అద్దంలా ఉంది. పిల్లని దింపి, చుట్టూ ఎవరున్నారో కూడా చూడకుండా రెండు చేతులూ జోడించింది. "రాత్రి తొమ్మిదికల్లా పడుకుంది పిన్నీ. మీరు చేసినట్టే వీపు తట్టాను, పడుకుంది. ఎన్నాళ్ల తరవాతో నేనూ కడుపునిండా నిద్రపోయాను. అంతా మీ హస్తవాసి."

జోజమ్మ చాప అంచు పట్టుకుంది. ఒక్క మధ్యాహ్నం పాలు తాగకపోతే ఒక ఇల్లంతా నిద్రపోయింది. అరవై మధ్యాహ్నాలు. పంతొమ్మిది ఇళ్లు. దొంగతనం జరిగింది, దొంగిలించిన చేతికే దణ్ణం పెడుతున్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. మేట్రన్ మీద, ఎప్పుడూ ఈ గది గడప తొక్కని మేనేజరు మీద, అందరికంటే ఎక్కువగా, పొగిడితే పొంగిపోయి దుప్పట్లు మడతపెట్టుకున్న తన మీద.

ఒంటిగంటకి మేట్రన్ పళ్లెం తెచ్చింది. జోజమ్మ అందుకుంది. తిన్నగా కుళాయి దగ్గరికి నడిచి ఒక్కొక్క గ్లాసే తొట్టిలో ఒంపేసింది. మేట్రన్ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. "నీకు మతిపోయిందా?"

"ఇప్పుడే వచ్చింది మేడమ్."

పిల్లలకి మంచినీళ్లు, బిస్కెట్లు ఇచ్చింది. చాపల మీద పడుకోబెట్టింది. పడుకోలేదు. అలవాటైన మత్తు రాక ఒళ్లు ఎటూ పెట్టుకోలేక మెలికలు తిరిగారు. ముందు బొద్దు పిల్లాడు మొదలెట్టాడు. వాణ్ని చూసి పక్కది. దాన్ని చూసి ఎదురు వరస. పది నిమిషాల్లో గది గదంతా ఏకరాగం అందుకుంది. మేట్రన్ ఇద్దర్ని రెండు చంకల్లో ఎత్తుకుని ఊపుతూ, "ఊరుకోబెట్టు, నీకు దణ్ణం పెడతాను, ఊరుకోబెట్టు," అంటోంది. జోజమ్మ వాళ్ల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒళ్లోకి వచ్చినవాళ్లని వచ్చినట్టు ఎత్తుకుంది, కళ్లు తుడిచింది, ముక్కులు తుడిచింది. ఏడవొద్దని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆమె చెవి గోడ మీద ఉంది.

అవతల హోరులో ఒక దారం తెగినట్టయింది. ఒక మిషను ఆగింది. కాసేపటికి ఇంకోటి. తరవాత మూడు నాలుగు కలిసి. సూపర్‌వైజరు అరుపు వినబడింది, ఏమంటున్నాడో కూడా వినబడింది. అంతకు ముందెప్పుడూ వినబడలేదు. పోగులు పోగులుగా హోరు పలచబడి, ఇక్కడ పిల్లలు లేనివాళ్ల మిషన్లూ ఆగి, చివరికి పిల్లల ఏడుపు ఒక్కటే మిగిలింది. వరండాలో చెప్పుల్లేని కాళ్ల పరుగు.

జోజమ్మ లేచి కటకటాల తలుపు బార్లా తెరిచింది.

ముందు పిడుగు తల్లి. వెనక మిగతావాళ్లు, మెళ్లో కొలత టేపులతో, చేతుల్లో ఇంకా కత్తెరలతో. ఎవరి పిల్లల్ని వాళ్లు ఎత్తుకున్నారు. గోల కాస్త సద్దుమణిగాక జోజమ్మ చెప్పింది. ఎక్కువ మాటల్లేవు.

"రెండు నెలలుగా పాలల్లో మత్తొచ్చే మందు కలిపారు. సీసాలు పాలగదిలో ఉన్నాయి, వెళ్లి చూడండి. మధ్యాహ్నం చప్పుడు రాకూడదని మేనేజరు గారన్నారట. కలిపింది మేడమ్. తాగించింది నేను. తెలియక తాగించాను. నిన్న మధ్యాహ్నం తెలిసింది. నిన్న సాయంత్రమే చెప్పాల్సింది. చెప్పలేదు."

ఒకామె పాలగదిలోకి వెళ్లి సీసాలు కొంగులో వేసుకుని వచ్చింది. వాటి మీద బొమ్మ చూసి ఇంకొకామె నేల మీద చతికిలబడింది. "మా వాడికి మాటలు రావడం లేదని డాక్టరు చుట్టూ తిరుగుతున్నాను," అంది ఎవరితోనూ కాకుండా. బొద్దు పిల్లాడి తల్లి జోజమ్మ ముఖం ముందుకొచ్చి, "నువ్వూ కడుపున కన్నదానివేనా?" అంది. జోజమ్మ తల దించుకోలేదు. దించుకుంటే ఆ మాట పూర్తిగా తగలదు.

పిడుగు తల్లి పిల్లని ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "నిన్న సాయంత్రం నేనడిగాను," అంది జోజమ్మతో.

"అడిగావు."

"ఇవాళ పొద్దున్న దణ్ణం పెట్టాను."

"పెట్టావు."

అప్పుడొచ్చాడు మేనేజరు. బూట్లు టకటకలాడుతుండగా గుమ్మంలో ఆగి, తల్లుల్ని, సీసాల్ని, మేట్రన్‌ని చూశాడు. మేట్రన్ కళ్లు జోజమ్మ మీదికి తిరిగాయి. అతనికి అంత చాలు. "మందు పట్టింది నువ్వేనా? ఇప్పుడే బయటికి నడు. ఇలాంటివాళ్లని ఊరుకునేది లేదు. మీరంతా లోపలికి పదండి, నేను చూసుకుంటాను. ఇప్పటికే నలభై నిమిషాలు పోయాయి."

ఎవరూ కదల్లేదు. జోజమ్మే చెప్పుల కోసం వెళ్లబోయింది. పిడుగు తల్లి ఆమెకి అడ్డంగా చెయ్యి చాపింది. ఆమె వంక చూడలేదు. మేనేజరునే చూస్తోంది.

"ఈమె సంగతి మేం చూసుకుంటాం. మీ సంగతి తరవాత మాట్లాడదాం. పిల్లలు పడుకునే వేళైంది సార్. పడుకోబెట్టి వస్తాం."

అని చివరి చాప మీద కూర్చుని, పిల్లని పక్కలో వేసుకుని, తల వంచి చెవి అందించింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు. బొద్దు పిల్లాడి తల్లి కాళ్లు చాపి వాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఊపింది. ఒకామె పిల్ల నుదుటి మీద వేలితో సున్నాలు చుట్టింది. ఒకామె చెవిలో అంకెలు చెబుతోంది. ఒకామె పిల్లాడి ముఖమంతా కొంగుతో కప్పేసి, లోపలికి తనూ దూరింది. జోజమ్మ ఇన్నేళ్లలో ఇన్ని రకాలు చూడలేదు. ఆమెకి చెయ్యడానికి పని లేకపోయింది. గోడకి ఆనుకుని నిలబడింది.

"ఏం తమాషాగా ఉందా? ఇది పని చేసే చోటా, సత్రమా?" మేనేజరు గొంతు హెచ్చింది. చాపల మీద రెండు మూడు తలలు ఉలిక్కిపడి లేచాయి.

పిడుగు తల్లి వెనక్కి తిరగకుండానే పెదాల మీద వేలు పెట్టుకుంది. "మెల్లగా సార్. మధ్యాహ్నం ఇక్కడ చప్పుడు రాకూడదని మీరే చెప్పారట."

అతను మళ్లీ నోరు తెరిచాడు. పంతొమ్మిది మంది తల్లులు అతని వంక చూశారు. ఒక్కరి చెయ్యి ఆగలేదు. తడుతున్నవాళ్లు తడుతూనే, ఊపుతున్నవాళ్లు ఊపుతూనే చూశారు. అతను గొంతు తగ్గించి ఏదో అన్నాడు. వినబడలేదు. ఏమన్నారని ఎవరూ అడగలేదు. ఇంకాసేపు నిలబడి, బూట్లు చప్పుడు కాకుండా మునివేళ్ల మీద వెనక్కి వెళ్లాడు. చివరి పిల్ల పడుకునేసరికి రెండున్నర దాటింది. అప్పటిదాకా గోడకవతల ఒక్క మిషనూ తిరగలేదు.

*

మేట్రన్‌ని ఇంకో శాఖకి మార్చారు. మేనేజరుని ఎవరూ ఎక్కడికీ మార్చలేదు. అతని సంతకంతోనే కొత్త నోటీసు వచ్చింది. మూడింటి విరామం మళ్లీ పెట్టారు. "కార్మికుల సంక్షేమం దృష్ట్యా" అని ఉంది అందులో, అతని బుర్రలోనే పుట్టినట్టు. ఇద్దరు ఆయాలు ప్యాకింగు నుంచి తిరిగొచ్చారు. తల్లులు వంతులేసుకుని పిల్లల్ని ఆసుపత్రిలో చూపిస్తున్నారు. సీసాలు ఎవరి దగ్గరున్నాయో ఎవరూ పైకి చెప్పరు. మేనేజరు రెండుసార్లు అడిగాడు.

జోజమ్మని తీసేస్తామంటే, "ఆమె ఉండాలి. ఈ కప్పు కింద నిజం చెప్పింది ఆమె ఒక్కతే," అని పిడుగు తల్లే అందట అందరి ముందూ. ఆ మాట జోజమ్మకి ఇంకొకరి ద్వారా తెలిసింది. ఆమెతో మాత్రం పిడుగు తల్లి అవసరానికి మించి మాట్లాడదు. పిల్లని దింపుతుంది, పాల సీసా ఇంటి నుంచి తెచ్చి చేతికిస్తుంది, మూత బిగించి ఉందో లేదో రెండుసార్లు చూసుకుంటుంది. పిన్నీ అనడం మానేసింది. అందులో తప్పు పట్టడానికి జోజమ్మకి ఏమీ కనబడలేదు.

వారం తిరిగాక ఒక రోజు మూడింటికి ఆమె వచ్చేసరికి పిడుగు చాప మీద కూర్చుని చెంచాతో నేల వాయిస్తోంది.

"ఇవాళ పడుకోలేదు," అంది జోజమ్మ. "గంటంపావు చూశాను. నా వల్ల కాలేదు."

"పోన్లెండి. రాత్రికి పడుకుంటుంది," అంది తల్లి. పిల్ల పక్కన కూర్చుని, మూతి తుడిచి, చెంచా లాక్కోబోయి మానేసి, ఒక్క నిమిషం నడుం వాల్చింది. ఆ ఒక్క నిమిషంలోనే ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది. చేతులు వదులయ్యాయి. సూది దిగిన వేలు చాప మీద ఒక్కసారి కదిలి ఆగింది.

పిడుగు తన తల్లిని చూసి, జోజమ్మని చూసి, చెంచా వాయించడం ఆపింది.

మూడుంపావు గంట మోగింది. మిగతా తల్లులు లేచి వెళ్లారు. గోడకవతల మిషన్లు అందుకున్నాయి, ఒక్కటి తక్కువగా. కాసేపటికి సూపర్‌వైజరు కటకటాల దగ్గరికొచ్చి, "కాలరు మిషను ఖాళీగా ఉంది. లోపల ఉందా ఆవిడ?" అన్నాడు.

జోజమ్మ పీట తెచ్చి తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"ఉంది. పడుకుంది."

"లేపు."

"లేపను," అంది జోజమ్మ. గొంతు పెంచలేదు, పక్కన నిద్రపోతున్నారని.